జంపఖానా నిద్రపోయే గంట

గోడ గడియారం పదకొండు కొట్టేసరికి జంపఖానాను మగ్గం మీది నుంచి కోశాం, ఇప్పుడది పెద్ద గదిలో నేల మీద పరుచుకుని నిద్రపోతున్నది, పన్నెండింటి దాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కొత్తవాడలో మిగతా చోట్ల ఏం చేస్తారో తెలియదు, మా సొసైటీ షెడ్డులో మాత్రం ఇది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. మగ్గం మీద ఉన్నంతసేపు పడుగు బిగుసుకుని ఉంటుంది, ఆ బిగువులో నేత తప్పులన్నీ దాక్కుంటాయి, ఎవరి చెయ్యి ఎక్కడ కోపంగా పడిందో ఎక్కడ మెత్తగా పడిందో కనబడదు. కోసి, పరిచి, ఒక గంట వదిలేస్తే నూలు ఒళ్లు విరుచుకుంటుంది. గట్టిగా కొట్టిన చోట ముడుచుకుంటుంది, హాయిగా కొట్టిన చోట హాయిగా పడుకుంటుంది. అప్పుడు నిలువునా మధ్యకు మడిచి అంచు మీద అంచు పెడితే రెండు మూలలూ కలవాలి. కలవకపోతే, పొట్టిగా ఉన్న అంచు ఎవరిదో వాడి చెయ్యి బిగిసినట్టు. పోయినసారి నేసినది తొందరలో నిద్రపెట్టకుండానే పంపారు, కొన్నవాళ్లు వంకర పోయిందని కబురు పెట్టారు, తప్పు ఎవరిదో తేలలేదు. ఈసారి తేల్చుతానన్నాడు సారంగపాణి మామ. షెడ్డు పెత్తనం ఆయనదే, వయసులో పెద్దవాడు, అందరం మామా అనే పిలుస్తాం. ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేసే మగ్గం మా షెడ్డులో ఒక్కటే ఉంది. ఈసారి ఎవరి అంచు పొట్టిదైతే వాడు సోమవారం నుంచి ఆ కూర్చునే పలక వదిలి, రంగు తొట్ల పక్కన గోడకేసి ఉన్న చిన్న మగ్గానికి పోవాలి. ఆసనాలు నేసే మగ్గం. ఒక్కడే కూర్చునేది.

కుడి వైపు కూర్చునేది నేను. ఎడమ వైపు బాలకిషన్. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది కలిసి కూర్చున్నాం, ఐదేళ్లు దాటింది. పెద్ద మగ్గం మీద పోగు నా చేతి నుంచి అతని చేతికి పోతుంది, అతని చేతి నుంచి నాకు వస్తుంది, తర్వాత ఇద్దరం ఇనుప పళ్ల పంజాలు ఎత్తి ఒక్కసారే కొట్టాలి. ఒక్కసారే, ఒక్క బరువుతో. నాకంటే మూడేళ్లు చిన్నవాడు, అన్నా అంటాడు, నా భార్య అనసూర్యను వదినా అంటాడు. మేనమామ కొడుకును చూసినంత దగ్గరగా ఐదేళ్లుగా ఆ మోచేతిని చూస్తున్నాను, ఆ మోచేతి మీద పాత కాలిన మచ్చ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. మనిషి ముఖం కంటే మోచెయ్యే ఎక్కువ తెలుస్తుంది మా పనిలో. ఆ మోచెయ్యి ఎప్పుడూ వణకదు. అదీ నా బాధ.

ఇప్పుడు కూడా చూడు, వాకిట్లో నీళ్ల కుండ, ఆ రంజన్ దగ్గర కూర్చుని నీళ్లు తాగుతున్నాడు. నిలబడి కాదు. కూర్చుని, చెంబు రెండు చేతులతో పట్టుకుని, గుక్కకూ గుక్కకూ మధ్య ఆగి, ప్రపంచంలో తనకు నీళ్లు తాగడం తప్ప ఇంకో పని లేనట్టు. ఇంకో గంటలో ఇద్దరిలో ఒకరి బతుకు గోడకేసి తిరుగుతుంది కదా, మనిషన్నవాడికి గొంతు దిగుతాయా నీళ్లు. దిగుతున్నాయి. చెంబు పక్కన పెట్టి తడి చేత్తో ముఖం తుడుచుకుని కళ్లు మూసుకున్నాడు. ఇక పది శ్వాసలు. నాకు తెలుసు, నేనూ లెక్కపెడతాను అతనితో పాటు, ఐదేళ్లలో రెండేళ్లుగా లెక్కపెడుతూనే ఉన్నాను. లోపలికి కొంచెం, బయటికి చాలా. ఆరోదో ఏడోదో శ్వాస దగ్గర అతని భుజాలు కిందికి జారతాయి, బట్టలు ఆరేసే దండెం మీద తడి పంచె బరువుకు జారినట్టు. నా భుజాలు ఎప్పుడూ జారలేదు. చెవుల దగ్గరే ఉంటాయి. నూలు మూట మీద కూర్చున్నాను నేను, గుమ్మానికి ఎదురుగా, లోపల జంపఖానా కనబడేలా.

అసలు ఆ శ్వాసలు నావి. ఈ మాట ఎవరితోనూ అనలేదు, అంటే నవ్వుతారు. శ్వాస ఒకరి సొత్తా అంటారు. కానీ వినండి, రెండేళ్ల కింద మగ్గం మీదే నాకు కళ్లు తిరిగితే దవాఖానకు తీసుకుపోయింది బాలకిషనే. సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని, పడిపోతానేమోనని నా రెండు చేతులు తన నడుము చుట్టూ కట్టించుకుని. డాక్టరు చిన్నవాడు, చేతికి పట్టీ కట్టి రక్తపోటు చూసి, మందు తక్కువ రాసి మాటలు ఎక్కువ చెప్పాడు. పొద్దున్నే లేచి ఊరి బయటికి నడవమన్నాడు. నీళ్లు కూర్చుని నిదానంగా తాగమన్నాడు. పని మొదలుపెట్టే ముందు కళ్లు మూసుకుని పది సార్లు ఊపిరి తీసుకోమన్నాడు, తీసుకునే దానికంటే విడిచేది పొడుగ్గా ఉండాలన్నాడు. అన్నం తినేటప్పుడు అన్నమే తినమన్నాడు. సాయంత్రం పని నుంచి పోయి నేరుగా ఇంట్లోకి దూరకుండా అరుగు మీద పావుగంట కూర్చుని, ఆ రోజు జరిగినదంతా ఒకసారి మనసులో చెప్పుకుని అక్కడే వదిలి లోపలికి పొమ్మన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఇవా మందులు. సూదులకు, గోళీలకు అలవాటు పడ్డ మనసు నాది. ఇంత దూరం వస్తే నీళ్లు తాగు, ఊపిరి తీసుకో అంటాడేమిటి అనుకున్నాను. పక్కన నిలబడ్డ బాలకిషన్ మాత్రం పంతులు ముందు పిల్లవాడిలా తలూపుతున్నాడు. మర్నాడు నేను మామూలుగా మగ్గం ఎక్కాను. అతను కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఏందిది అని అడిగితే, డాక్టరు చెప్పింది కదన్నా అన్నాడు. నీకు కాదు కదా చెప్పింది, నాకు కదా. ఆ మాట నాలుక దాకా వచ్చి ఆగింది. అప్పుడే అనేసి ఉంటే బాగుండేది. నాకు రాసిన చీటీ పట్టుకుపోయి మందు అతను తాగాడు, అతనికి గుణమిచ్చింది.

ఇంకా నవ్వు రాని సంగతి చెప్తాను. తర్వాత నాకూ చెయ్యాలనిపించింది. కానీ ఇప్పుడు చేస్తే బాలకిషన్ను చూసి చేసినట్టు అవుతుంది. నా మందు నేను దొంగతనంగా తాగాల్సి వచ్చింది. అతను పొద్దున్నే ములుగు రోడ్డు మీద నడుస్తాడు, ఏటూరునాగారం పోయే మొదటి బస్సు ఎదురైనప్పుడు వెనక్కి తిరుగుతాడు, అందుకని నేను నర్సంపేట రోడ్డు పట్టాను. నడక మొదలైన పది అడుగులకే అతను ఇప్పుడు ఎక్కడిదాకా పోయి ఉంటాడు అన్న ఆలోచన వచ్చేది, ఆ ఆలోచన వచ్చాక కాళ్లు వేగం పెంచేవి, ఇల్లు చేరేసరికి పంజా పట్టి కొట్టినట్టు గుండె కొట్టుకునేది. నీళ్లు వంటింట్లో తలుపు చాటున తాగేవాణ్ణి. శ్వాసలు మరుగుదొడ్డిలో. మనసు నెమ్మదించడానికి చేసే పని ఎవరికీ కనబడకూడదన్న ఆరాటంతో చేస్తే మనసు ఏమవుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు. ఒక్కోసారి, నిజం చెప్పాలి, ఒక్కోసారి నాలుగో శ్వాసలోనో ఐదో శ్వాసలోనో ఏదో విడిపోయినట్టు ఉండేది, కడుపు లోపల ముడి ఒకటి వదులైనట్టు. ఇదేనా అతనికి రోజూ దొరికేది అనుకునేవాణ్ణి. అంతే, ముడి మళ్లీ పడేది.

అనసూర్య మీద నాకు అనుమానం లేదు. ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. అనుమానమైతే పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది, తలుపు తట్టి చూడవచ్చు, నిలదీయవచ్చు. ఇది అది కాదు. మా ఇంటి గుమ్మంలో కూర్చుని కండెలు చుడుతుంది, ఎదురుగా గల్లీ అవతల బాలకిషన్ అరుగు. సాయంత్రం అతను వచ్చి చెప్పులు విడిచి ఆ అరుగు మీద పావుగంట కూర్చుంటాడు, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఎవరినీ చూడకుండా. పెళ్లాం పురిటికి నెక్కొండ పోయింది, అయినా ఇంట్లో ఎవరో ఉన్నట్టే మర్యాదగా కాళ్లు కడుక్కుని లోపలికి పోతాడు. అనసూర్య రాట్నం ఆపి అటు చూస్తుంది. అంతే. నేను వచ్చేసరికి రాట్నం తిరుగుతూ ఉంటుంది. నా అడుగు చప్పుడు వింటూనే ఆమె వీపు గట్టిపడుతుంది, ఈ రోజు ఏం మోసుకొచ్చాడో అని. ఆ వీపు గట్టిపడటం నేనెప్పుడో ఒకసారి చూసి ఇక చూడకుండా ఉండలేకపోయాను. దీపావళి తర్వాత ఒక రోజు కూర కారమైందని గిన్నె తోసేశాను, పెద్దగా కోపం కూడా లేదు, షెడ్డులో ఏదో మాట పడింది, దాన్ని ఎక్కడో దింపాలి. ఆమె గిన్నె తీసి, నేల తుడిచి, గుడ్డ పిండుతూ నెమ్మదిగా అడిగింది, తిట్టినా బాగుండేది.

"ఐదేండ్లాయె ఆయన పక్కన కూసోవట్టి. జరంతన్న నీకెందుకు అంటుకోలే?"

ఆ మర్నాడు మేం ఎర్ర పట్టీ నేస్తున్నాం, ఈ జంపఖానాలోనే, మొదలు నుంచి మూడో పట్టీ. పంజా ఎత్తిన ప్రతిసారీ ఎందుకు అంటుకోలే, ఎందుకు అంటుకోలే అని పడింది. అరచెయ్యి వెడల్పు పట్టీలో ఎన్ని పోగులు కుక్కానో నాకే తెలియదు. నా వైపు నేత కిందికి దిగిపోతుంటే ఎవరికీ కనబడకుండా అడ్డపోగులు ఎక్కువ వేసి సమం చేశాను. బాలకిషన్ ఒక్కసారి తల తిప్పి చూశాడు, ఏమీ అనలేదు, అనకపోవడమే అతని గొప్ప. అంచు దగ్గర ఆ పట్టీ కర్రలా గట్టిపడి, వేలు పెడితే తెలిసేంత ఉబ్బింది. అక్కడి నుంచి చివరిదాకా నా చెయ్యి వదులు కాలేదు. కాబట్టి పొట్టి అంచు ఎవరిదో తెలుసుకోవడానికి నాకు ఈ గంట అక్కర్లేదు. మూడు నెలలుగా తెలుసు.

కిటికీ లోంచి ఎండ జంపఖానా మీదికి జరిగింది. నీలం నేల, రెండు కొసల్లోనూ మూడేసి ఎర్ర పట్టీలు, ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. నా అంచు కుడి వైపు, గుమ్మం దగ్గరగా ఉండాలి ఆ ఉబ్బు. నేసిన మొదలు గుమ్మం వైపు పెట్టి పరవడం మా అలవాటు, గుమ్మంలో నిలబడితే మగ్గం మీద కూర్చున్నట్టే ఉంటుంది, కుడి నాది, ఎడమ అతనిది. చూస్తున్నాను, గుమ్మం దగ్గర కుడి వైపు పట్టీ చదునుగా ఉంది. నీడా లేదు, ఉబ్బూ లేదు. కళ్లు నులుముకున్నాను. అప్పుడు అవతలి కొసన, గది లోపలి చివర, ఎడమ అంచు మీద, ఎండ పక్క నుంచి పడుతున్న చోట సన్నటి నీడ గీత కనబడింది, నిద్రపోతున్న మనిషి నుదుటి మీద నరంలా. అక్కడుంది అది. జంపఖానా తిరగబడి పరిచి ఉంది. తల ఉండాల్సిన చోట కాళ్లు, కాళ్లు ఉండాల్సిన చోట తల. అంటే ఎడమ వైపు పడుకున్నది నా అంచు.

కోసిన తర్వాత మోసుకొచ్చింది నేను, మా షెడ్డులోనే నేసే మొగిలయ్య, ఇంకో ఇద్దరు. బాలకిషన్ మగ్గం దగ్గరే పడుగు కొసలు విప్పుతూ ఉండిపోయాడు. గుమ్మం దగ్గర మూల తగులుకుంటే తిప్పండి, ఇటు నుంచి తిప్పండి అన్నారెవరో. ఎవరో ఏమిటి, నేనే అన్నాను. నా గొంతు నాకు వినబడుతున్నది ఇప్పుడు కూడా, తొందరగా, కాస్త ఎక్కువ గట్టిగా. కావాలని అన్నానా. గుమ్మానికి తగులుతున్నదని అన్నాను. గుమ్మానికి తగిలితే వెనక్కి లాగి మళ్లీ పట్టుకోవచ్చు, ఎన్నిసార్లు అలా చేయలేదు. మరి తిప్పమని ఎందుకన్నాను. ఆ క్షణంలో నా మనసులో ఏముందో వెతుకుతున్నాను, ఏమీ కనబడటం లేదు, ఊడ్చిపెట్టిన గది ఉంది అక్కడ. అంత శుభ్రంగా ఉన్నందుకే భయమేస్తున్నది. మనసులో ఒకడు పని చేసి, చేతులు కడుక్కుని, ఇంకొకణ్ణి ముందుకు తోసి పోయినట్టు ఉంది.

ఇప్పుడు లేచి చెప్పొచ్చు. లోపలికి పోయి మొగిలయ్యను పిలిచి తిరిగి పరిస్తే అయిపోతుంది. గడియారం పదకొండూ నలభై. లేవలేదు నేను. లేవకపోగా, ఏదో తీపి ఒంట్లోకి దిగుతున్నది. బాలకిషన్ అంచు పొట్టిది. ఆ మాటను మనసులో ఒకసారి అనుకున్నాను, మళ్లీ అనుకున్నాను. నీళ్లు తాగే బాలకిషన్, నడిచే బాలకిషన్, అరుగు మీద బాలకిషన్, చెయ్యి బిగిసింది బాలకిషన్‌ది. సాయంత్రం ఇంటికి పోయి చెప్పను కూడా, ఊరికే కాళ్లు కడుక్కుంటాను, గల్లీలో ఎవరో ఒకరు చెప్తారు, అనసూర్య రాట్నం ఆపుతుంది, అవునా అంటుంది, నా వైపు చూస్తుంది. ఆ చూపు కోసం నేను ఏమైనా చేస్తానని ఇప్పుడే తెలిసింది. ఆశ్చర్యం ఏమిటంటే, నా భుజాలు దిగాయి. చెవుల దగ్గరి నుంచి దిగి ఉండాల్సిన చోటికి వచ్చాయి. డాక్టరు చెప్పిన ఏ అలవాటూ చేయలేని పని ఈ ఒక్క నీచపు ఆలోచన చేసింది, ఊపిరి పొడుగ్గా వస్తున్నది, లెక్కపెట్టకుండానే.

బాలకిషన్ కళ్లు తెరిచి చెంబు నింపుకుని వచ్చి నా ముందు పట్టాడు. జర తాగన్నా, ఎండ ఉన్నది అన్నాడు. వద్దన్నాను. చెంబు మా ఇద్దరి మధ్య పెట్టి పక్కన కూర్చున్నాడు, అలవాటుగా నాకు ఎడమ వైపున.

"ఫికర్ చేస్తానవా?" అన్నాడు.

"నాకెందుకు ఫికర్."

"గదే. ఎవ్వలదైనా ఒకటే గదన్నా. ఇద్దరి చేతులు."

ఒకటే ఎలా అవుతుంది. ఎంత సులువుగా అంటాడు. అలా అనగలిగినవాడికే అంత సులువు. నాకు అతని మీద ఎప్పుడూ లేనంత మంట కలిగింది ఆ మాటకు, ఇందాకటి తీపి కూడా అందులో కలిసి మండింది. అతని మోచెయ్యి నా మోచేతికి తగులుతున్నది. జరిగి కూర్చున్నాను.

సారంగపాణి మామ పన్నెండుకు ఇంకా రెండు నిమిషాలు ఉండగానే వచ్చాడు, గొడుగు మడిచి గోడకు ఆనించి, గడియారం కొట్టేదాకా గుమ్మంలో నిలబడ్డాడు, పద్ధతి అంటే ఆయనకు ప్రాణం. గంటలు ఆగాక చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. వెనక మేం, మా వెనక మొగిలయ్య, మిగతావాళ్లు. నలుగురు మూలలు పట్టి ఎడమ అంచును ఎత్తి కుడి అంచు మీదికి తెచ్చారు, నేను పట్టలేదు, నా చేతులు వెనక కట్టుకుని ఉన్నాను. ఒక కొసన మూలలు కలిపి, ఇంకో కొసకు పోయారు. మామ వంగి వేళ్లు పెట్టి కొలిచాడు. నాలుగు వేళ్లు. ఎడమ అంచు పొట్టిది. అందరి కళ్లు బాలకిషన్ మీదికి పోయాయి, నమ్మలేనట్టు. మామ కూడా నమ్మలేదు, మళ్లీ కొలిచాడు, తర్వాత నడుము నిలబెట్టుకుని బాధగా చూశాడు.

"నీ దిక్కే బాలకిషన్."

ఇప్పుడు చూడాలనుకున్నాను నేను. ఈ ఒక్క ముఖం చూడటానికే ఐదేళ్లు పక్కన కూర్చున్నట్టు చూశాను. కాదు అంటాడు, లేక కళ్లు మూసుకుంటాడు, పది శ్వాసలు తీస్తాడు, అప్పుడు నేను నవ్వుకుంటాను. అతను రెండూ చేయలేదు. నిద్రలో పిలిస్తే పలికినట్టు తలూపాడు.

"నాదే అయి ఉంటది మామా," అన్నాడు. "నాకెర్కే."

ఎలా తెలుసు, ఏం తెలుసు. మామ అడగలేదు, అతనే చెప్పాడు, అడగని వాళ్లందరికీ, నేల మీది అంచును చూస్తూ. రెండేళ్ల కంటే ముందు నుంచీ తనకు చేతులు వణికేవట. పంజా జారి పడుతుందని, ఎవరైనా చూస్తారని, చూస్తే పలక మీది నుంచి దింపుతారని రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదట. ఒకసారి పెళ్లాం మీద చెయ్యి చేసుకున్నాడట, పురుడు సాకే, ఆమె వస్తుందో రాదో తెలియదట. ఎవరికీ చెప్పుకోలేదట. ఇది చెప్తున్నప్పుడు అతని గొంతు మామూలుగా ఉంది, మోచెయ్యి మాత్రం, నాకు తెలిసిన ఆ మోచెయ్యి, నెమ్మదిగా కదులుతున్నది, నీళ్లలో కట్టె కదిలినట్టు.

"రాజమన్నను దవాఖానకు తోల్కపోయిననాడు డాక్టరు ఆయనకు చెప్తాంటె నాకే చెప్తాండనుకున్న. గవ్వి పట్టుకునే ఇన్నొద్దులు పలక మీద కూసున్న మామా. ఒక్కపూట తప్పితే చెయ్యి ఆగది. తప్పినయి కావచ్చు నడుమల."

సారంగపాణి మామ దగ్గరికి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఎవరినీ ముట్టుకునే మనిషి కాదు ఆయన. మొగిలయ్య ముక్కు తుడుచుకున్నాడు. అందరి ముఖాల్లో ఏదో మెత్తదనం వచ్చింది, ఒక మనిషి తన లోపలిది తీసి నలుగురి ముందు పెడితే వచ్చేది. చూస్తున్నాను నేను. గెలిచాను కదా, ఈ నెమ్మది అంతా కట్టెల మీద నిలబెట్టిన పందిరి అని తేలింది కదా, ఇక అసూయపడటానికి ఏముంది. కానీ ఆ చెయ్యి ఆ భుజం మీద ఉంది. తప్పు చేసి కూడా అతనే పొందాడు. నా తప్పు అది, నేను మూడు నెలలు గుండెలో కుక్కుకుని నేసిన తప్పు, దాన్ని కూడా అతను తీసుకుని నాకంటే అందంగా ఒప్పుకున్నాడు, డాక్టరు మాటలు తీసుకున్నట్టే. నేను నోరు తెరిచింది న్యాయం కోసమా, ఆ చెయ్యి అక్కడ ఉండటం చూడలేకనా, ఇప్పుడు అడిగితే చెప్పలేను, అప్పుడు అడిగినా చెప్పలేకపోయేవాణ్ణి.

"ఆ అంచు నాది," అన్నాను.

వినబడలేదేమో అనుకుని ఇంకోసారి అన్నాను. జంపఖానా తిరగబడి పరిచామని, మూడో ఎర్ర పట్టీ దగ్గర వేలుపెట్టి చూస్తే ఉబ్బు తెలుస్తుందని, అది నేను కొట్టినదని చెప్పాను. మామ పోయి వంగి తడిమాడు. చాలాసేపు తడిమాడు. మొగిలయ్య తల గోక్కుంటూ, నిజమే మామా, గుమ్మం కాడ తిప్పినం, రాజమే తిప్పుమన్నడు అన్నాడు. అన్నాక ఆ మాట ఎటు పోతుందో తట్టినట్టు ఆగిపోయాడు. మామ లేచి నా ముందుకు వచ్చాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"పదకొండున్నర దాటినంక."

"మరి ఇంతసేపు ఏం చేసినవ్?"

కూర్చున్నాను. ఊపిరి హాయిగా తీసుకుంటూ కూర్చున్నాను. ఆ జవాబు చెప్పలేదు. ఆయనకు అక్కర్లేదు కూడా, సోమవారం నుంచి కాదు, ఇప్పుడే పోయి ఆ చిన్న మగ్గం మీద కూర్చోమన్నాడు, సగం నేసి వదిలేసిన ఆసనం ఒకటి ఉందని. పెద్ద మగ్గం మీద బాలకిషన్ ఉంటాడు, పక్కకు మొగిలయ్య వస్తాడు. గొంతు పెంచలేదు. నేను తలూపి బాలకిషన్ వైపు తిరిగాను, అతను ఏదో ఒకటి అంటాడని, పోనీలే అన్నా అంటాడని, అది కూడా నేను భరించాల్సి వస్తుందని.

అతని ముఖం ఎర్రగా ఉంది. నా చొక్కా పట్టుకుంటాడనుకున్నాను, దగ్గరికి వచ్చి ఆగాడు, చేతులు రెండూ ఇప్పుడు దాచుకోకుండా వణుకుతున్నాయి.

"నేను నోరు ఇప్పకముందు చెప్పరాదానే," అన్నాడు. "నా ఇంటి ముచ్చట మొత్తం బజార్ల పడ్డది. గది మల్ల లోపటికి పోతదా?"

ఐదేళ్లలో అన్నా అనకుండా నాతో మాట్లాడటం ఇదే మొదలు. అందరూ అటూ ఇటూ చూశారు. అతను బయటికి పోయాడు, చెప్పులు వేసుకోవడం మరిచిపోయి ఎండలో నడిచాడు, రంజన్ వైపు కూడా చూడలేదు. వెనకాల పోవాలనిపించింది, ఏం చెప్తానని పోవడం. అతను నా కంటే బలంగా కోపపడటం చూశాను. చూస్తే హాయిగా ఉంటుందని ఎన్నోసార్లు అనుకున్నాను.

రంగు తొట్ల పక్కన చీకటిగా ఉంటుంది, గోడ మూరెడు దూరంలో, పక్కన ఎవరికీ చోటు లేదు. ఆసనం సగం దగ్గర ఆగి ఉంది, ఎవరో వదిలేసిన నారింజ రంగు పోగు వేలాడుతున్నది. ఇక్కడ పోగు అందుకునే చెయ్యి లేదు, అది ఎటు పోయినా తిరిగి నా చేతికే వస్తుంది, కుడి అంచు నాదే, ఎడమ అంచు నాదే, నాలుగు వేళ్లు తేడా వస్తే ఎవరిదని అడిగేవాళ్లు ఉండరు. పలక చిన్నది, ఒక్క మనిషికి సరిపడా. దాని మీద కూర్చుని పంజా ఎత్తాను, దెబ్బ వంకరగా పడింది. మళ్లీ ఎత్తాను, మళ్లీ వంకరే. అప్పుడు చూసుకున్నాను, అంత చిన్న పలక మీద కూడా నేను కుడి కొసకు ఒదిగి, సగం ఒళ్లు గాలిలో పెట్టి, ఎడమ వైపున ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాను.

జరిగి మధ్యలో కూర్చోవడానికి నాకు చాలాసేపు పట్టింది.